ఒళ్లు కాలుతుంటే ఏం చూడాలి? పిల్లల జ్వరాలపై పాఠకుల ప్రశ్నలు

వానకాలం మొదలైనప్పటి నుంచి ఈ శీర్షికకు అందుతున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం చిన్నపిల్లల జ్వరాల గురించే ఉంటున్నాయి. హనుమకొండ మొదలుకొని గోదావరిఖని, ములుగు దాకా తల్లిదండ్రులు రాసిన వాటిలో పదేపదే కనిపించిన సందేహాలను ఎంచుకొని ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాం. ఉత్తరాలను క్లుప్తం చేశాం. పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా బాబుకు 14 నెలలు, బరువు 10 కిలోలు. రెండు రోజులుగా జ్వరం 102, 103 దాకా పోతున్నది. సిరప్ వేస్తే తగ్గుతుంది కానీ నాలుగైదు గంటల్లో మళ్లీ ఎక్కుతోంది. జ్వరం తలకెక్కితే మెదడు దెబ్బతింటుందని మా అత్తమ్మ భయపడుతున్నారు. రాత్రంతా తడిగుడ్డతో తుడుస్తూనే ఉన్నాం. మందు మార్చాలా? (ఒక తల్లి, హనుమకొండ)

జవాబు: మార్చనవసరం లేదు. పారాసిటమాల్ పని నాలుగు నుంచి ఆరు గంటలే ఉంటుంది కాబట్టి, కారణమైన వైరస్ ఒంట్లో ఉన్నన్నాళ్లూ జ్వరం దిగడం, మళ్లీ ఎక్కడం సహజం. ఆ సిరప్ వేడిని ఒకటి రెండు డిగ్రీలు దించి పిల్లవాడికి కొంత హాయి కలిగిస్తుందే తప్ప జబ్బును నయం చేయదు, జబ్బు ఉండే రోజులనూ తగ్గించదు. అందువల్ల 103 నుంచి 101కి దిగి పిల్లవాడు కళ్లు తెరిచి నాలుగు గుక్కలు పాలు తాగితే మందు తన పని తాను చేసినట్టే. 98.6కి రాలేదని ఇంకో మందు జోడించడం, గంట గంటకూ థర్మామీటర్ పెట్టి లెక్క రాసుకోవడం వల్ల ఇంటిల్లిపాదికీ నిద్ర కరువు కావడం తప్ప ప్రయోజనం లేదు.

మీ అత్తమ్మ గారి భయం చాలా ఇళ్లలో ఉన్నదే. సూక్ష్మజీవులతో పోరాడే వేళ మెదడులోని హైపోథాలమస్ అనే భాగమే శరీర ఉష్ణోగ్రతను కావాలని పెంచుతుంది, దానికి ఒక హద్దునూ తానే పెట్టుకుంటుంది. ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చే జ్వరం సాధారణంగా 106 దాటదు, ఆ వేడి మాత్రమే మెదడును పాడుచేయదు. మెదడువాపు, మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) వంటి జబ్బుల్లో మెదడుకు హాని చేసేది జబ్బే. అందుకే అంకె కంటే పిల్లవాడి తీరును చూడమంటాం. సిరప్ వేసిన గంటకు జ్వరం కొంత దిగినప్పుడు బాబు మిమ్మల్ని గుర్తుపట్టి నవ్వుతున్నాడా, బొమ్మ వైపు చేయి చాస్తున్నాడా, పాలు తాగుతున్నాడా, ఎప్పటిలాగే మూత్రం పోస్తున్నాడా అన్నవి చూడండి. 103 ఉన్నా ఇవన్నీ సరిగా ఉన్న పిల్లవాడి కంటే, 100 మాత్రమే ఉండి మందు వేసినా తల వాల్చేసి, లేపితే మూలిగి మళ్లీ మగతలోకి జారిపోయే పిల్లవాడి గురించి మాకు ఎక్కువ ఆందోళన కలుగుతుంది.

ఊపిరి తీసే తీరును కూడా గమనించాలి. బాబు ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం పాటు పొట్ట ఎన్నిసార్లు ఎగసిపడుతుందో లెక్కపెట్టండి. రెండు నెలల లోపు శిశువుకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40, లేదా అంతకు మించితే అది వేగమైన ఊపిరి కింద లెక్క. ఊపిరి పీల్చిన ప్రతిసారీ పక్కటెముకల కింది భాగం లోపలికి గుంజుకుపోతుంటే న్యుమోనియా కావచ్చు. అప్పుడు జ్వరం ఎంతుందన్న ప్రశ్న పక్కన పెట్టి దవాఖానకు బయలుదేరాలి.

ఇక మోతాదు సంగతి. మీరు ఎంత వేస్తున్నదీ రాయలేదు గనుక వివరంగా చెబుతున్నాను. పారాసిటమాల్‌ను వయసును బట్టి కాక బరువును బట్టి, కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల చొప్పున వేయాలి. 10 కిలోల మీ బాబుకు ఒకసారికి 150 మిల్లీగ్రాములు మించకూడదు. మందుల షాపులో ఒకే పేరుతో మూడు రకాల సీసాలు దొరకడంలోనే చిక్కుంది. 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములు ఉన్న సిరప్ అయితే 6 మిల్లీలీటర్లు, 5 మిల్లీలీటర్లలో 250 ఉన్నదైతే 3 మిల్లీలీటర్లు, ఒక్కో మిల్లీలీటరులో 100 ఉండే చుక్కల మందు అయితే ఒకటిన్నర మిల్లీలీటరు సరిపోతుంది. పాత సీసా అయిపోయి, కొత్తగా తెచ్చిన 250 సీసాలోంచి అలవాటు ప్రకారం 6 మిల్లీలీటర్లు పోస్తే రెట్టింపు మందు పడుతుంది. అదే పొరపాటు రెండు మూడు రోజులు సాగితే కాలేయానికి ప్రమాదం. సీసా మీది చిన్న అక్షరాలు చదివి, ఇంట్లోని చెంచాతో కాకుండా దానితో వచ్చిన కొలత మూతతో గానీ సూది లేని సిరంజితో గానీ వేయండి. కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. డాక్టరు చెప్పకుండా రోజుకు నాలుగుసార్లు మించవద్దు. జలుబు సిరప్‌లలో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది, వాటిని దీనికి తోడుగా వేయకండి. హాయిగా నిద్రపోతున్న పిల్లవాడిని మందు కోసం లేపవలసిన పని లేదు. పెద్దల కోసం తెచ్చిన నిమెసులైడ్ ఇంట్లో ఉంటే దూరంగా పెట్టండి. 12 ఏళ్ల లోపు పిల్లలకు దాన్ని మన దేశంలో 2011లోనే నిషేధించారు.

రాత్రంతా తుడవడం మానేయండి. చన్నీళ్లు, మంచు తగిలితే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకొని, పిల్లవాడు వణికి, లోపలి వేడి ఇంకా పెరుగుతుంది. తుడవాలని అనిపిస్తే సిరప్ వేసిన అరగంట తర్వాత గోరువెచ్చని నీటితో కాసేపు తుడిచి, పిల్లవాడు ఇష్టపడకపోతే ఆపేయండి. స్వెటర్, కుచ్చు టోపీ, పైన రగ్గు కూడా వద్దు. పలుచని నూలు బట్ట వేసి ఫ్యాను తిప్పితే చాలు. జ్వరం ఎక్కే వేళ చేతులు కాళ్లు చల్లబడి వణుకు వస్తే ఆ కాసేపు పలుచని దుప్పటి కప్పి, ఒళ్లు వేడెక్కాక తీసేయాలి. మూడు రోజులు దాటినా జ్వరం తగ్గకపోతే, పైన చెప్పిన గుర్తుల్లో ఏది కనిపించినా అంతకు ముందే, పిల్లల డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: మా మనుమరాలు పుట్టి 20 రోజులు. నిన్నటి నుంచి ఒళ్లు వేడిగా ఉండి, చంకలో పెడితే 100.6 చూపిస్తోంది. పాలు కాస్త తక్కువగా తాగుతోంది. జ్వరం చుక్కలు వేసి రేపటి దాకా చూడవచ్చా? (ఒక నాయనమ్మ, పరకాల)

జవాబు: చూడకూడదమ్మా. మూడు నెలలు నిండని బిడ్డకు 100.4 లేదా అంతకు మించి జ్వరం ఉంటే, బిడ్డ చూడ్డానికి బాగానే ఉన్నా, అదే రోజు, అదే పూట ఆసుపత్రికి తీసుకుపోవాలి. నెల లోపు బిడ్డ విషయంలో ఇది మరీ ముఖ్యం. ఆ వయసులో రక్తంలో ఇన్‌ఫెక్షన్, మెనింజైటిస్ వంటివి బయటికి పెద్దగా లక్షణాలు చూపకుండా గంటల్లో ముదురుతాయి. పాలు తక్కువగా తాగడమే వాటికి తొలి సూచన కావచ్చు. చుక్కల మందు జ్వరాన్ని కప్పిపెడుతుంది గనుక డాక్టరు చూసేదాకా వేయకండి. ఈ వయసులో ఒళ్లు మరీ చల్లబడి మెత్తబడినా అంతే ప్రమాదం. 108కి ఫోన్ చేసి, నవజాత శిశువులకు ప్రత్యేక వార్డు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోండి. వరంగల్ ఎంజీఎంలో ఆ సౌకర్యం ఉంది. దారిలో తల్లి పాలు పట్టిస్తూ, బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి ఉంచండి.

ఈ ఉత్తరానికి పత్రిక వచ్చేదాకా ఆగకుండా ఫోనులోనే బదులిచ్చాం. ఇటువంటి సందర్భంలో ఎవరూ ఉత్తరం రాసి ఎదురుచూడవద్దని మనవి.

ప్రశ్న: మా పాపకు రెండున్నరేళ్లు. పోయిన వారం జ్వరం వచ్చిన కాసేపటికే కళ్లు తేలేసి, కాళ్లు చేతులు కొట్టుకుంది. పాప చేతిలో తాళం చెవులు పెట్టారు, ఒకరు నోట్లో చెంచా పెట్టారు, ఇంకొకరు ఉల్లిగడ్డ వాసన చూపించారు. రెండు నిమిషాల్లో తగ్గింది. డాక్టరు జ్వరం ఫిట్స్ అన్నారు. ఇది మూర్ఛరోగంగా మారుతుందా? తలకు స్కానింగ్ తీయించాలా? (ఒక తండ్రి, నర్సంపేట)

జవాబు: ఆ రెండు నిమిషాలు కన్నవారికి ఎంత పొడవుగా ఉంటాయో ఊహించగలను. ప్రాణం పోతుందనే అనిపిస్తుంది. కానీ ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి అయిదుగురికి ఇలా వస్తుంది, చాలావరకు అయిదు నిమిషాల లోపే దానంతట అదే ఆగిపోతుంది. ఎదుగుతున్న మెదడు ఉష్ణోగ్రత మార్పుకు తొందరగా స్పందించడం దీనికి కారణం. తల్లికో తండ్రికో చిన్నప్పుడు వచ్చి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. మీ ఇంట్లో పెద్దలను ఒకసారి అడిగి చూడండి.

తాళం చెవులు పెట్టినా, ఉల్లిగడ్డ చూపినా ఫిట్స్ ఆగవు. ఫిట్స్ వాటంతట అవే ఆగే సమయానికి తాళం చెవులు చేతిలో ఉంటాయి గనుక ఆ పేరు వాటికి దక్కింది. ఇనుప ముక్క చేతిలో ఉండడం వల్ల నష్టం పెద్దగా లేదు, నోట్లో చెంచా పెట్టడం వల్ల మాత్రం ఉంది. పళ్లు విరగవచ్చు, విరిగిన ముక్క ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. నీళ్లు పోయడమూ అంతే ప్రమాదం. మళ్లీ ఎప్పుడైనా వస్తే పాపను నేల మీద గానీ వెడల్పాటి మంచం మీద గానీ ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, మెడ దగ్గరి గుండీలు విప్పి, నోటి నుంచి కారే చొంగ బయటికి పోయేలా చూడండి. కాళ్లు చేతులు అదిమి పట్టవద్దు. ఒకరు గడియారం చూడాలి, వీలైతే మరొకరు ఫోనులో వీడియో తీయాలి. మేము చూడలేకపోయిన దాన్ని ఆ వీడియోలో చూసి చాలా విషయాలు తేల్చుకోగలం. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108 పిలవండి. ఇటువంటప్పుడు ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే ఉంటుంది. దాన్ని ముందే మీ డాక్టరుతో రాయించుకొని, వాడే పద్ధతి నేర్చుకొని ఇంట్లో ఉంచుకోవచ్చు.

ఒకసారి వచ్చిన పిల్లల్లో పదిమందిలో సుమారు ముగ్గురికి మరోసారి వస్తుంది. అయినా మూర్ఛరోగంగా మారేది చాలా తక్కువమందిలో, దాదాపు నూటికి ఒకరిద్దరిలోనే. పాప చదువుకూ తెలివికీ లోటు రాదు. ఒంటికంతా ఒకేసారి వచ్చి, పదిహేను నిమిషాల లోపు ఆగి, ఒక రోజులో మళ్లీ రాకుండా, తర్వాత పాప మామూలుగా ఉంటే సీటీ స్కాన్, ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) అవసరం లేదు. ఆ డబ్బు మిగుల్చుకోండి. అయితే ఒకవైపు చేయి కాలు మాత్రమే కొట్టుకున్నా, ఆగిన తర్వాత చాలాసేపు మగతగా ఉన్నా, మెడ బిగుసుకున్నా, వయసు ఏడాది లోపు అయినా సంగతి వేరు. అప్పుడు వెన్ను నీటి పరీక్ష చేయవలసి రావచ్చు, దానికి భయపడి నిరాకరించవద్దు. ముందుగానే సిరప్ వేస్తూ ఉంటే ఫిట్స్ రావనుకోవడం మాత్రం సరికాదు. చాలామందికి జ్వరం ఉందని ఇంట్లో తెలియక ముందే ఫిట్స్ వచ్చేస్తాయి.

ప్రశ్న: మా ఊళ్లో డెంగీ తిరుగుతోంది. మా బాబుకు ఆరేళ్లు. నాలుగు రోజుల జ్వరం నిన్న దిగింది, గండం గడిచిందనుకున్నాం. ఈరోజు కడుపునొప్పి అంటున్నాడు. ప్లేట్‌లెట్లు 90 వేలు ఉన్నాయి. బొప్పాయి ఆకు రసం తాగించమని ఇరుగుపొరుగు చెబుతున్నారు. (ఒక తల్లి, జగిత్యాల)

జవాబు: డెంగీలో జ్వరం దిగే వేళే అసలు జాగ్రత్త పడవలసిన సమయం. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, జ్వరం తగ్గిన తర్వాతి ఒకటి రెండు రోజుల్లో కొందరు పిల్లల రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారి, రక్తం చిక్కబడి, రక్తపోటు పడిపోతుంది. కడుపునొప్పి దీనికి హెచ్చరిక. ఆగని వాంతులు, ముక్కు చిగుళ్ల నుంచి రక్తం, నల్లని విరేచనం, చల్లబడిన చేతులు, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, మగత, అకారణ చిరాకు కూడా హెచ్చరికలే. మీ బాబును ఈరోజే ఆసుపత్రిలో చేర్పించి, నిపుణుల కనుసన్నల్లో ఉంచాలి.

ప్లేట్‌లెట్ల అంకె చూసి మన జిల్లాల్లో జనం పడే హడావుడి ఇంతా అంతా కాదు. వాటికంటే రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే హిమటోక్రిట్, బాబు నాడి, రక్తపోటు, మూత్రం ముఖ్యం. సకాలంలో సరైన లెక్క ప్రకారం ద్రవాలు ఇవ్వడమే డెంగీకి చికిత్స. రక్తస్రావం లేని పిల్లవాడికి కేవలం అంకె తగ్గిందని ప్లేట్‌లెట్లు ఎక్కించనవసరం లేదు. బొప్పాయి ఆకు రసం చేదుకు ఉన్న నీళ్లు కూడా వాంతి అయిపోతే మొదటికే మోసం. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఇబుప్రోఫెన్, మెఫెనమిక్ ఆమ్లం, ఆస్పిరిన్ వేయకూడదు, పిరుదుకు సూదులు వేయించకూడదు. ఎన్‌ఎస్1 అనే, డెంగీ వైరస్ ఆనవాలును వెతికే రక్తపరీక్ష జ్వరం మొదలైన తొలి అయిదు రోజుల్లోనే నమ్మదగినది. ఆ తర్వాత, వైరస్‌పై శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలను చూసే ఐజీఎం పరీక్ష చేయించాలి. ఈ దోమ పగటిపూట కుడుతుంది, మంచినీటిలోనే పెరుగుతుంది. కాబట్టి వాకిట్లోని గోలెం, కూలర్, పాత టైర్లలో నీళ్లను వారానికి ఒకసారి పూర్తిగా పారబోసి ఆరబెట్టండి.

ప్రశ్న: మా పాపకు జ్వరం వచ్చినప్పుడల్లా మా ఊరి ఆర్‌ఎంపీ రెండో రోజే రక్తపరీక్ష చేయించి టైఫాయిడ్ అంటారు, సూదులు వేస్తారు. ఏడాదిలో ఇది మూడోసారి. (ఒక తండ్రి, మహబూబాబాద్)

జవాబు: ఏడాదికి మూడుసార్లు టైఫాయిడ్ రావడం అరుదు. విడాల్ అనే టైఫాయిడ్ రక్తపరీక్షను రెండో రోజే నమ్మడం వల్ల ఆ పేరు పడి ఉండవచ్చు. ఆ పరీక్ష చూసేది సూక్ష్మజీవిని కాదు, దానిపై శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలను. అవి పుట్టడానికే వారం, పది రోజులు పడుతుంది. మన ప్రాంతంలో ఆరోగ్యవంతుల రక్తంలోనూ అవి కొంతమేర ఉంటాయి. నిజంగా టైఫాయిడ్ అనుమానం ఉంటే, యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే బ్లడ్ కల్చర్ (రక్తంలోని సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్ష) చేయించాలి. సూదితో జ్వరం చటుక్కున దిగిందంటే అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశమూ ఉంది. అది అసలు జబ్బును దాచేస్తుంది. ఆయన మీద కోపంతో చెబుతున్న మాట కాదిది. రాత్రి పన్నెండుకు తలుపు తడితే లేచేది ఆయనే అని నాకూ తెలుసు.

చిన్న ఆడపిల్లల్లో దగ్గు, జలుబు లేకుండా పదేపదే జ్వరం వస్తుంటే ముందుగా చూడవలసింది మూత్ర పరీక్ష. చిన్న పిల్లలు మంట అని చెప్పలేరు. మూత్రనాళ ఇన్‌ఫెక్షన్‌ను గుర్తించకపోతే మూత్రపిండాలపై మచ్చలు పడవచ్చు. ములుగు, భూపాలపల్లి అడవి ఊళ్లకు వెళ్లివచ్చి ఉంటే మలేరియా పరీక్ష కూడా చేయించండి. ఆశా కార్యకర్త దగ్గర కిట్టు ఉంటుంది, డబ్బు అవసరం లేదు.

ప్రశ్న: గత మే నెలలో రేకుల షెడ్డులో పడుకున్న మా మూడేళ్ల బాబుకు ఒళ్లు 105 కాలింది, పిలిస్తే పలకలేదు. సిరప్ వేసినా తగ్గలేదు. దవాఖానలో వడదెబ్బ అన్నారు. జ్వరానికీ దీనికీ తేడా ఎలా తెలుసుకోవాలి? (ఒక తల్లి, గోదావరిఖని)

జవాబు: రామగుండం ప్రాంతంలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటడం మనకు అలవాటైన సంగతే గనుక ఈ తేడా ప్రతి ఇంటికీ తెలిసి ఉండాలి. జ్వరంలో మెదడు తానే ఉష్ణోగ్రతను పెంచుతుంది. వడదెబ్బలో బయటి వేడి శరీరాన్ని ముంచెత్తి, చల్లబరుచుకునే శక్తే చతికిలపడుతుంది. అందుకే పారాసిటమాల్ పనిచేయదు, హద్దు లేకుండా వేడి పెరుగుతుంది, మొదటి జవాబులో లేదన్న మెదడు ప్రమాదం ఇక్కడ నిజంగా ఉంటుంది. ఎండలోనో రేకుల కిందో గాలి ఆడని గదిలోనో ఉన్న పిల్లవాడి ఒళ్లు కాలుతూ, మాట తడబడినా, పలకకపోయినా, ఫిట్స్ వచ్చినా వడదెబ్బ అనుకోండి. అప్పుడు జ్వరంలో వద్దన్న చన్నీళ్లే కావాలి. నీడకు చేర్చి, బట్టలు విప్పి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ, ఫ్యానుతోనో విసనకర్రతోనో విసురుతూ, ఈలోగా 108 పిలవాలి. మెడ, చంకలు, గజ్జల్లో మంచు ముక్కలు గుడ్డలో చుట్టి పెట్టవచ్చు. స్పృహ లేని పిల్లవాడి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు.

ప్రశ్న: జ్వరంలో అన్నం పెట్టవద్దు, స్నానం చేయించవద్దు, లంఖణం పరమౌషధం అంటారు మా ఇంట్లో. (ఒక తల్లి, ములుగు)

జవాబు: పెద్దవాళ్లు ఒక పూట మానేస్తే పోయేదేమీ లేదు కానీ పసిపిల్లల ఒంట్లో నిల్వ తక్కువ. బలవంతం చేయకుండా, అడిగినంత, కొంచెం కొంచెంగా పెట్టండి. తల్లిపాలు ఇంకా ఎక్కువసార్లు ఇవ్వాలి. మెత్తని పప్పన్నం, కిచిడి, రాగి జావ, గంజి, మజ్జిగ అన్నీ పెట్టవచ్చు. పెరుగన్నంతో జలుబు పెరుగుతుందన్నది అపోహ. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించవచ్చు. విరేచనాలు కూడా ఉంటే ఓఆర్ఎస్ ఇవ్వండి. పెద్ద ప్యాకెట్టును సరిగ్గా లీటరు నీళ్లలో ఒకేసారి కలిపి, 24 గంటల్లో వాడి, మిగిలింది పారబోయాలి. తీపి పానీయాల డబ్బాల మీద ఓఆర్ఎస్ అని రాసి అమ్మడాన్ని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ నిలిపివేసింది. అయినా షాపులో ఇచ్చినదాన్ని అలాగే తీసుకోకుండా, డబ్ల్యూహెచ్‌ఓ సూత్రం ప్రకారం తయారైనదని ప్యాకెట్టు మీద ఉందో లేదో చదివి తీసుకోండి.